పావుకిలో బరువెంత?

ఆదివారం ఉదయం. వంటింటి గట్టు మీద రెండు పళ్ళేల త్రాసు. దాని చుట్టూ తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగారు, ఒళ్ళో పిల్లిపిల్లతో ఆయన భార్య, చేతిలో మూతబుట్టతో ఆయన అక్కగారు.

"ఇప్పుడెలా తూస్తారండీ? ఇప్పుడే పాలు తాగింది!"

"తాగితే?"

"కడుపులో ఉన్న పాల బరువు పిల్లి బరువెలా అవుతుంది?"

"అది పాయింటే అక్కా. డబ్బా బరువు వేరు, సరుకు బరువు వేరు."

"ఒరే తమ్ముడూ, మొదటి ఆదివారం తూగలేదన్నావు. పోయిన ఆదివారం తూగలేదన్నావు. ఈ బుట్ట మోసుకుని రావడం ఇది మూడోసారి. అక్కడ నా విత్తనాల కొట్లో ఎలకలు గోనెసంచులకి కిటికీలు పెట్టుకుంటున్నాయి."

"కాదన్నానా? మాటంటే మాటే. అరకిలో తూగిన రోజున సదరు పిల్లి నీది."

"సదరు పిల్లేమిటండీ, పావుకిలో అని పేరుండగా?"

"పేరు పెట్టొద్దని చెప్పానా లేదా?"

"పెట్టింది మీరే! తల్లి లారీ కింద పడి పోయిందని నేను దీన్ని కొంగులో వేసుకొస్తే, అయ్యో పాపం అనైనా అనకుండా త్రాసులో పెట్టి 'పావుకిలో' అన్నదెవరు?"

"అది పేరు కాదు. తూకం."

"ఏమ్మా మరదలా, తెలియక అడుగుతాను, అసలు దీనికి ఎలకంటే ఏమిటో తెలుసా?"

"ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది వదినగారూ. నిన్న మీ తమ్ముడి మేజోడుని పట్టింది."

"పట్టి?"

"దాని మీద పడుకుంది."

"బాగానే ఉంది గారాబం."

"గారాబమా? ఇంకు ఫిల్లరుతో రెండేసి గంటలకోసారి పాలు పట్టామండీ. పట్టి ఊరుకుంటే చాలదు. తల్లి నాకినట్టు తడి దూదితో కింద తుడిస్తేగానీ ఒంటేలుకి పోదు."

"ఛీ! ఎవరు తుడిచారు?"

"వంతులు వేసుకున్నాం."

"వంతులా? ఒరే, నువ్వా? నీ పిల్లలకి తడిగుడ్డ ఒక్కటి మార్చిన పాపాన పోలేదు కదరా నువ్వు!"

"అప్పుడు ఆఫీసులో పనెక్కువ అక్కా. అదంతా ఇప్పుడెందుకు? తూకం మాట చూద్దాం."

"చూడు మరి. ఎక్కించు."

"రామ్మా పావుకిలో. తోక... ఏమండీ, తోక సగం బయట వేలాడుతోంది. అదీ లెక్కలోకి వస్తుందా?"

"వేలాడినా వస్తుంది. ఇదిగో, అరకిలో రాయి ఇటు పక్కన. చేతులు తియ్యండి. ఊ... చూశావా అక్కా? రాయి వైపే ఒరిగింది."

"అయ్యయ్యో. తూగలేదు వదినగారూ."

"ఆ అయ్యయ్యోలో అంత సంతోషం ఏమిటమ్మా? పళ్ళెం నిండి అంచుల మీంచి కారుతోంది పిల్లి! ఇది అరకిలో ఉండదా? బుట్ట మూత పడుతుందో లేదో అని నేను చస్తుంటే!"

"బొచ్చు వదినగారూ. ఉత్త బొచ్చు."

"అక్కా, నువ్వు నన్నేమన్నా అను. త్రాసుని మాత్రం అనకు. ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. దీనికి సీలు వేసిన చెయ్యి ఇది."

"ఆ చెయ్యే కదూ, నువ్వుగింజంత తేడా ఉందని నా కొట్లో త్రాసుకి సీలు వెయ్యనంది? తోడబుట్టినదాన్నని కూడా చూడలేదు."

"న్యాయం న్యాయమే."

"అయితే పిల్లిని దించు. రాయీ తీసెయ్. ఖాళీ త్రాసు చూపించు."

"ఖాళీదెందుకు?"

"కొనేవాళ్ళు అడిగితే చూపించి తీరాలని మా కొట్లో బోర్డు పెట్టించింది నువ్వే."

"వదినగారూ, కాఫీ కలపనా?"

"ముందు త్రాసు."

"ఇదిగో, దించాను. రాయీ తీశాను."

"ఏమిట్రా అది? మీద ఏమీ లేకుండా ఒక పక్కకి పడిపోయింది?"

"గాలక్కా. కిటికీ తీసుంది."

"గాలికి ఒక్క పళ్ళేనికే బరువొస్తుందా? జరుగు. అడుగున చూస్తాను... అమ్మమ్మమ్మ! అయస్కాంతం! రాయి పళ్ళెం కింద అయస్కాంతం అంటించారు!"

"హవ్వ, వదినగారూ! ఇన్‌స్పెక్టరు కొంపలో దొంగ తూకమా! ఎంత అప్రతిష్ఠ!"

"అప్రతిష్ఠ కాక మరేమిటి? అడగరా మీ ఆవిడని."

"అడగడానికేముంది అక్కా? తప్పు తప్పే. కానీ చంటిపిల్లలా సాకింది. చేతిలోంచి జారిపోతుందని మనసు ఆగక చేసుంటుంది. పెద్దదానివి, నువ్వే క్షమించెయ్."

"ఏమండీ."

"నువ్వు మాట్లాడకు. నీ తరఫున నేను చెబుతున్నానుగా."

"కాదండీ..."

"ఏడవకు. అక్క ఏమీ అనుకోదు."

"ఎవరేడుస్తున్నారు? నేనంటించింది మైనం. అదిగో వదినగారూ, దాని పక్కనే చిన్న ముద్ద, కనబడిందా? అది నాదే, ఒప్పుకుంటాను. అయస్కాంతం నాది కాదు."

"మరి ఇదెవరిదమ్మా? పిల్లలా, ఇద్దరూ హాస్టళ్ళలో ఉన్నారాయె."

"అక్కా, అదిలా ఇచ్చెయ్. ఇయ్యమన్నానా!"

"ఉండరా, లాక్కోకు. దీనికేదో చీటీ అంటించి ఉంది. 'జప్తు చేసిన వస్తువు. సాక్ష్యం నంబరు పదకొండు.' ఒరే తమ్ముడూ... ఇది నీ చేతిరాతే కదరా?"