గోడ నిండా ఈయన

చిత్రకళా పాఠశాలలో పొడుగాటి గది. గోడంతా ఒకే మనిషి బొమ్మలు, ఒక్కోదాని కింద తేదీ. భోజనాల వేళ కాబట్టి విద్యార్థులెవరూ లేరు. ఒక కుర్చీ, ఒక భార్య, ఒక భర్త.

"ఇది మీరే."

"ఎవరో అయ్యుంటాడులే. డబ్బా ఇచ్చావుగా, ఇక వెళ్లు. ఇంటికి తాళం వేశావా?"

"వేశాను. ఇది మీ చెవే. మిల్లులో మగ్గం మీంచి నాడె ఎగిరొచ్చి తగిలినప్పుడు తెగిన ముక్క కూడా వేశారు."

"చెవులు అందరికీ ఉంటాయి."

"గేటు దగ్గర వాచ్‌మన్ ఏడీ అనడిగాను. నేనే అన్నాడొకాయన. కాదు, మా ఆయన, ఒక చెవి తెగుంటుంది అన్నాను. మీ ఆయనెవరో నాకు తెలీదమ్మా, చెవి తెగిన మనిషైతే లోపల గోడ నిండా ఉన్నాడు, వెళ్లి ఏరుకోండన్నాడు."

"వాడికి నోరెక్కువ."

"తొమ్మిది నెలల్నుంచి వాచ్‌మన్ ఉద్యోగమన్నారు. ఇంటికొచ్చి కాళ్లు పట్టమన్నారు. తిరిగి తిరిగి లాగేస్తున్నాయన్నారు."

"లాగడం నిజమే. తిరగడం వల్ల కాదు, అంతే."

"మరి?"

"కూర్చోవడం వల్ల. గంటన్నర కదలకూడదు. మొదట పాదం తిమ్మిరెక్కుతుంది. తర్వాత మోకాలు. అరగంట దాటాక ఆ కాలు నాదో, కుర్చీదో తెలీదు. ఆ తర్వాత బాగానే ఉంటుంది."

"ఏం బాగుంటుంది?"

"ఏమీ ఉండదు. అదే బాగుంటుంది. మిల్లు గుర్తురాదు. దాని గేటుకి వేసిన తాళం గుర్తురాదు."

"నేను?"

"నువ్వేంటి?"

"నేను గుర్తొస్తానా?"

"డబ్బా ఇలా పెట్టు. చల్లారిపోతుంది."

"చొక్కా లేకుండా కూర్చున్నారు. ఇంట్లో ఉతుకుతాను విప్పండంటే చలి అంటారు."

"ఇక్కడ పక్కన హీటరు పెడతారు."

"అబ్బో, దర్జా. ఇది ఏ నెల? కళ్లద్దాలు తేలేదు, చదవండి."

"మార్చి."

"మార్చిలో పొట్ట ఉంది."

"అది మిల్లు క్యాంటీను పొట్ట. వేళ్లు చూడు, ఎంత బాగా వేశాడో ఆ అబ్బాయి—"

"వేలికి ఉంగరం కూడా వేశాడు. ఇందులో?"

"మే."

"మేలో లేదు."

"వెయ్యడం మర్చిపోయుంటాడు."

"పోయిన నెల స్నానాల గది తూములో జారిపోయిందన్నారు. నేను రెండు రోజులు తూములో చెయ్యి పెట్టి కెలికాను."

"పాప బడి ఫీజు ఎక్కణ్నుంచి వచ్చిందనుకున్నావు?"

"మేలోనే?"

"మేలోనే."

"సరే. ఇదెవరు? ఈ పక్కటెముకలు?"

"సెప్టెంబరు."

"నెల కాదండీ, మనిషి ఎవరని. ఇంట్లో బనీను తియ్యరు, దీపం తీశాక పడుకుంటారు. ఇవెప్పుడు తేలాయి?"

"బొగ్గుతో వేస్తే అలాగే కనపడతాయి."

"రోజూ డబ్బా కడుతున్నాను. రోజూ కడిగినట్టు ఖాళీ చేసి తెస్తున్నారు."

"తెస్తున్నాను."

"ఆ తిండి ఎటు పోతోంది?"

"ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఏమండీ."

"గేటు దగ్గర ఒక కుక్కుంది."

"కుక్క."

"గోధుమరంగుది. మంచిది."

"నల్లదైతే పెట్టేవారు కాదేమో."

"అలా మాట్లాడకు. జూలైలో బాగానే తిన్నాను. పదిహేను రోజులకే బుగ్గలు నిండాయి. ఒకమ్మాయి సగం గీసిన బొమ్మ పట్టుకుని మేస్టారి దగ్గరికెళ్లింది, ఈయన నిన్నటి మనిషి కాడండీ అని. మేస్టారు నన్ను ఇంటికి పంపేశారు. వారం రోజులు ఇంకొకాయన్ని కూర్చోబెట్టారు."

"ఆ వారం జ్వరమని పడుకున్నారు."

"జ్వరమేం లేదు."

"నుదుటి మీద తడిగుడ్డ వేశాను."

"తెలుసు. చల్లగా ఉండింది."

"తర్వాత?"

"తిండి మానేశాను. మళ్లీ పిలిచారు. ఎముకల మీద వెలుగు బాగా ఆగుతుందట, మేస్టారే అన్నారు. మిల్లులో ఇరవయ్యేళ్లు చేశాను, నాలో ఫలానాది బాగుందని ఒక్కడన్నాడా?"

"అందుకని డబ్బాలో గుడ్డు కుక్కకి పెట్టారు."

"గుడ్డొక్కటే కాదు."

"రోజుకి ఇంట్లోకి రెండే వస్తాయండీ. ఒకటి పాపకి, ఒకటి మీకు."

"నీకు గుడ్డు పడదన్నావుగా. కడుపులో మంటన్నావు."

"అన్నాను."

"మరి?"

"అన్నానంటున్నాగా."

"ఉష్. మేస్టారొస్తున్నారు. నువ్వేం మాట్లాడకు. వచ్చే ఏడాదికి ఎవర్నుంచుతారో ఇవాళే చెప్తారు. చోటు ఒక్కరికే."

"కూర్చోండి, కూర్చోండి, లేవకండి. ఈవిడ?"

"మా ఇంటావిడండీ మేస్టారూ. డబ్బా మర్చిపోతే తెచ్చింది. వెళ్లిపోతోంది."

"నమస్కారమమ్మా. బొమ్మలు బాగున్నాయా?"

"బాగున్నాయండీ. ఇంట్లో కనపడనివన్నీ కనపడుతున్నాయి."

"పిల్లలు కష్టపడ్డారు."

"ఈయనా కష్టపడ్డారండీ."

"ఊరుకోవే. మేస్టారూ, వచ్చే ఏడాది..."

"దానికే వచ్చాను. నిన్న మీరు మధ్యలో లేచి మంచినీళ్లు తాగొచ్చారు కదా."

"తప్పయిపోయిందండీ. గొంతెండిపోయి—"

"తప్పని కాదు. మీరు లేచిన సంగతి ఒక్కరూ చూడలేదు. ఖాళీ కుర్చీ ముందు కూర్చుని పన్నెండు మందీ మిమ్మల్నే గీస్తున్నారు. మీరు వాళ్లకి కంఠతా వచ్చేశారండీ. కంఠతా వచ్చినదాన్ని ఎవరూ చూడరు. చూడ్డం నేర్పమనే కదా నాకు జీతమిస్తున్నది."

"ఇంకా తగ్గుతానండీ."

"వద్దు."

"ఇంకొక్క నెల—"

"వద్దండీ. ఆ డబ్బా విప్పుకుని తినండి. అమ్మా, మీరొకసారి కిటికీ వైపు తిరుగుతారా?"

"నేనాండీ?"

"గడ్డం కొంచెం పైకి. చాలు. అలాగే ఉండండి."

"దాందేముంది మేస్టారూ, అది మొదట్నుంచీ సన్నమే."

"కాదండీ. పెళ్లినాటి ఫోటోలో నేనే లావు. ఈయన నా వెనకాల దాక్కున్నట్టుంటారు."

"ఇలా ఎప్పట్నుంచమ్మా?"

"మిల్లు మూసినప్పట్నుంచి."

"ఇదేమిటే, ఈ మెడ దగ్గర ఎముకలు... నేనెప్పుడూ..."

"మీరు దీపం తీసేస్తారుగా. నా కింద ఎవరూ తేదీలు వెయ్యలేదు."

"అమ్మా, సోమవారం నుంచి రాగలరా? పదింటికి. ముఖం, చేతులు, అంతే. హీటరుంటుంది."

"కదలకూడదు కదండీ?"

"గంటన్నర."

"అలవాటే."

"మీ ఇద్దరూ ఆలోచించుకుని చెప్పండి. తొందరేం లేదు. నేను పక్క గదిలో ఉంటాను."

"వెళ్లిపోయారు."

"వెళ్లనివ్వండి. తినండి, చల్లారిపోయింది. ఇవాళ కుక్క ఆగుతుందిలే."

"నాకు కాలు తిమ్మిరిగా ఉంది."

"ఇవాళ బొమ్మకి కూర్చోలేదుగా."

"లేదు. అయినా ఉంది. ఇదిగో, ఈ గుడ్డు నువ్వు తిను."

"సోమవారం నుంచి డబ్బా మీరు కట్టాలి. కట్టడం వచ్చా?"

"నేర్చుకుంటాను. రోజూ నీకే పెడతాను గుడ్డు."

"పెట్టకండి. బుగ్గలొస్తాయి."