అయిదు గుప్పిళ్ళు

ఏప్రిల్లో బ్లాజెనా పోయింది. ఆగస్టులో, బీరుకి చేదునిచ్చే హాప్స్ పూలు పెరటి తీగల నుంచి కోసిన రోజున, ఆమె గ్లౌజు పోయింది. అయిదు వారాల తర్వాత, చెక్ దేశంలో జాటెట్స్ ఊరి దగ్గర, ఆమె వంటింట్లో, ఆమె భర్త ఒటాకర్ మాస్టారు, ఆమె చెల్లెలు క్వేతా.

“తాగు క్వేతా. మొహం అలా పెట్టకు.”

“నేను పెట్టలేదు బావా, దానంతటదే అలా అయింది. ఇది బీరా, కషాయమా?”

“కాస్త చేదొచ్చింది.”

“కాస్తా! నాలుక చాప చుట్టేసింది. ఎన్ని పూలేశావు?”

“మీ అక్క నోటుబుక్కులో ఉన్నట్టే. అయిదు గుప్పిళ్ళు.”

“ఎవరి గుప్పిళ్ళు?”

“…నావే.”

“అది చెయ్యా బావా? బొగ్గు తోసే పార! అక్క గుప్పిళ్ళు అయిదూ కలిపినా నీ గుప్పెట్లో ఓ మూలకి రావు.”

“గ్రాముల్లో రాయవే అని ఇరవై ఏళ్ళు పోరాను. బడిలో పిల్లలకి కొలతలు చెప్పేవాడి ఇంట్లో గుప్పిళ్ళేంటి అని. ‘నా చెయ్యి ఎక్కడికి పోతుంది?’ అనేది.”

“…ఆ రొట్టె ముక్క ఇటియ్యి.”

“గ్లౌజు వేసుకునే కొలిచేది కదా. అదన్నా ఉంటే, దాన్నిండా పూలు కూరి కొలిచేవాణ్ణి.”

“పోయినదాని సంగతి ఎందుకిప్పుడు? శనివారం ఊళ్ళో బీరు పోటీ. లేబుల్ లేని సీసాని బల్ల మీద పెట్టనివ్వరు.”

“షెడ్డంతా వెతికాను. తీగల కింద వెతికాను. కోళ్ళ గూడు కూడా…”

“కోళ్ళు గ్లౌజులేసుకుంటాయా? లేబుల్ బావా, లేబుల్!”

“మీ అక్క పద్ధతి తెలుసుగా. ఆ ఏడు బీరుని ఎవరు పాడుచేస్తే వాళ్ళ బొమ్మే లేబుల్ మీద.”

“తెలియకేం! వడగళ్ళ ఏడు వడగళ్ళు. పోయినేడు మా మేక. దాని మూతి చూసి ఊరంతా నవ్వింది.”

“సగం తీగ మేసింది మరి.”

“అయితే ఈసారి నీ బొమ్మ వెయ్యి. బట్టతల, పార చెయ్యి. బహుమతి మనదే.”

“నాది కాదు. గ్లౌజుది. అది పోబట్టే కదా ఇదంతా. ఇదిగో, వేశాను.”

“ఇది గ్లౌజా? ఆవు పొదుగులా ఉంది.”

“ఎదురుగా లేదు కదా. గుర్తున్నట్టు వేశాను.”

“రబ్బరు ఇలా ఇవ్వు. బొటనవేలు ఇంత లావుండదు. మణికట్టు దగ్గర ఓ మడత. ఇక్కడ, చిటికెన వేలి కింద, ఎర్రదారంతో నాలుగు కుట్లు…”

“ఎర్రదారం.”

“ఆఁ. నల్లది అయిపోయుంటుంది.”

“క్వేతా. ఆ కుట్లు మార్చిలో వేసింది, ఆసుపత్రి మంచం మీద కూర్చుని. అప్పుడు పక్కన నేనొక్కణ్ణే ఉన్నాను. లోపలివైపు వేసింది. తిరగేస్తే తప్ప కనపడవు.”

“…బీరింకా ఉందా?”

“క్వేతా.”

“పొయ్యి, పొయ్యి. చేదు అలవాటైపోయింది.”

“ఎక్కడుంది?”

“నా కోటు జేబులో. ఆ రోజు నిచ్చెన మెట్టు మీద కనపడింది. తిరగేసి చూశాను, చెయ్యి పెట్టి చూశాను, అంతే. తియ్యబుద్ధి కాలేదు. ఇచ్చేద్దామనే వచ్చేదాన్ని, వచ్చిన ప్రతిసారీ.”

“అయిదు వారాలు! నేను కోళ్ళ గూట్లో దూరి వెతుకుతుంటే చూస్తూ నుంచున్నావా!”

“టార్చి కూడా పట్టాను.”

“అయితే లేబుల్ మీద బొమ్మ నీదే.”

“వెయ్యి. మా మేక పక్కనే వెయ్యి. ఇద్దరం ఒకటే జాతి.”

“ముందు గ్లౌజు ఇలా ఇవ్వు. కాగితం మీద పెట్టి చుట్టూ గీస్తాను.”

“ఇస్తాను. మెల్లిగా పట్టుకో బావా. ఇంకా ఉతకలేదు.”