చిగురేసిన బాంజో

బాంజోలు చేసే మేస్త్రి టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే రెండో టీ తాగందే లేవడు. కొట్టు నడిపే అక్కకు అతని మాటలంటే సరదానే. పొయ్యి వెనక గోడకు వేలాడుతున్న బాంజో అతను చేసిందే, ఆమె తమ్ముడిది. రెండేళ్ళుగా దాన్నెవరూ ముట్టుకోలేదు.

"బాంజో అంటే తోలు, చెక్క, ఇత్తడి. అంతే," మొదలెట్టాడు మేస్త్రి. "తోలు పలచనైతే పలుకు పదును, దళసరైతే గొంతు బొంగురు. నేను బిగించిన తోలు మీద ఓసారి ఈగ వాలింది. ఖంగుమంది!"

"ఈగకే?" అన్నాడు టీకొచ్చిన పక్క కొట్టు టైలరు.

"ఈగకే! అది హడలిపోయి ఎగిరి పక్క వీధిలో పడింది పాపం. ఇక తోలు కింద ఇత్తడి కడియం వేశానా, మోత ఆగదే! పొద్దున తీగ మీటితే మధ్యాహ్నం భోజనాలకు కూర్చున్నా మోగుతూనే ఉంది. మా ఆవిడ దుప్పటి కప్పింది, దుప్పటీ మోగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గంట కొట్టారనుకుని స్టేషన్లో రైలు కదిలిపోయింది!"

"మరి జనం?"

"సగం మంది ప్లాట్‌ఫారం మీదే!"

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వుతూ పాల కింద మంట తగ్గించింది.

ఆ నవ్వులకు మేస్త్రికి పూనకం వచ్చింది. "అసలు చెక్క సంగతి వినండి. అందరికీ చెక్క ఆరడానికి ఏళ్ళు పడుతుంది. నాకెందుకు? ఆ గోడ మీది బాంజో చూశారూ, తీగలు సాగే దాని మెడ ఆ పొద్దున ఇంకా చెట్టుకొమ్మే. పిట్ట కూర్చునుంది. హుష్ అన్నాను, నరికాను, చిత్రిక పట్టాను, స్వరాల మెట్లు దిగ్గొట్టాను, పొద్దు గుంకేలోపు తీగలు బిగించాను. పిట్ట తిరిగొచ్చి చూస్తే కొమ్మ పాడుతోంది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరక్కుండా మెడకు చిగురేసింది! వాయిస్తుంటే ఆకు చెంపకు తగిలేదట!"

టైలరుకు పొలమారింది. అక్క మాత్రం నవ్వలేదు.

రెండేళ్ళ కిందట, మొదటి వానలకే ఆ బాంజో తీగలు మెడకు ఎడంగా లేచాయి. తమ్ముడు వేళ్ళు చిట్లేలా నొక్కినా స్వరం పక్కకు పోయేది. బ్యాండులోంచి పొమ్మన్నారు. ఆమె బాంజో తీసుకుని మేస్త్రి దగ్గరికి వెళితే, అతను నవ్వకుండా చెప్పాడు: "మూడేళ్ళు అటక మీద ఆరబెట్టిన చెక్కమ్మా. లోపం మీవాడి చేతుల్లో ఉంది." ఆమె నమ్మింది. ఇంటికొచ్చి తమ్ముణ్ణి సోమరి అంది. సాధన చేయని చేతులు బస్తాలు మోయడానికే పనికొస్తాయంది. వాడు బాంజోను కొట్టు గోడకు తగిలించేశాడు. మర్నాడే ఎదురు గోదాములో బస్తాల పనికి చేరాడు.

ఆమె బాంజో దించి బల్ల మీద పెట్టింది. "టైలరన్నా, కాస్త దారం ఇవ్వు."

మెడ పొడవునా దారం లాగి పట్టమంది. దారానికీ చెక్కకీ నడుమ, సరిగ్గా మధ్యలో, అగ్గిపుల్ల ఎక్కడా తగలకుండా దూరింది.

"వంగిపోయింది," అన్నాడు టైలరు మెల్లగా.

"అయ్యో అక్కా, సరదాకన్న మాటలు!" మేస్త్రి కంగారుగా నవ్వాడు. "మెడకు చిగురెక్కడైనా వేస్తుందా?"

"వెయ్యదు. పచ్చి కొమ్మ మాత్రం నిజం, అందుకే వంగింది. నలుగుర్నీ నవ్వించడానికి నిజం చెప్పావు. నవ్వకుండా నాకు చెప్పావే, మూడేళ్ళు ఆరబెట్టానని, నీ కోతలన్నిట్లోకీ పెద్దది అదే. నమ్మిందాన్ని నేను."

మేస్త్రి రెండో టీ తాగకుండానే లేచిపోయాడు.

కాసేపటికి ఎదురు గోదాములోంచి తమ్ముడు వచ్చాడు. వాయించే రోజుల్లో వాడు వేళ్ళ కొసలు కాలతాయని గ్లాసుకు రుమాలు చుట్టి పట్టుకునేవాడు. ఆమె రుమాలు చుట్టి గ్లాసు అందించింది.

"లోపం నీ చేతుల్లో లేదురా."

"తెలుసక్కా," అన్నాడు వాడు. రుమాలు విప్పి ఆమెకిచ్చేసి, పొగలు కక్కే గ్లాసును కాయలు కాసిన వట్టి వేళ్ళతో పట్టుకున్నాడు.

"కాలుతుందిరా!"

"ఇప్పుడేం తెలియట్లేదులే."