రాజరత్నం పల్లెను పైకి లేపిన వైనం

తప్పు రాజరత్నానిది కాదు, మాట్లాడమని ఆయన్ని కూర్చోబెట్టిన ఊరిది. రాచర్లకి ఆరు కిలోమీటర్ల అవతల ఉన్న ఆ పల్లెలో నోరున్న మనిషి ఆయనొక్కడే. అందుకే సర్వే మేడం వచ్చిననాడు ఊరి ఇక్కట్లు ఆయనే చెప్పాలని అందరూ అనుకున్నారు. ఏడు పల్లెలకి ఒక్కటే నీళ్ల ట్యాంకు మంజూరైంది. వాటిలో ఏది బాగా వెనకబడిందో మేడం రాసుకుపోతే అక్కడ కడతారు. ఎంత ఏడవగలిగితే అంత ఏడువు పెదనాయనా అని కాలేజీకి పోయే ఫెబీ ఆయనకి మరీ మరీ చెప్పింది.

ఆ ట్యాంకు ఎవరికన్నా ఎక్కువగా ఫెబీకి కావాల. నీళ్ల ట్యాంకరు మూడు రోజులకో నాలుగు రోజులకో వస్తాది, వచ్చిందంటే గిద్దలూరు బస్సు వేళకే వస్తాది. నీళ్లు పట్టిన రోజు కాలేజీ లేదు. ఇంక నాలుగు రోజులు మానితే పరీక్షకి కూర్చోనివ్వమని సార్లు తేల్చి చెప్పినారు. ఇంటి ముందర కుళాయి తిప్పినట్టు, బిందె నిండేలోపల జడ వేసుకున్నట్టు, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నట్టు ఆ పిల్ల రోజూ మెలకువలోనే కలలు కంటాది.

సరోజమ్మ టీ బంకు ముందర బెంచీ తుడిచి మేడంని కూర్చోబెట్టినారు. ఆమె పేరు వర్షిణి, కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి. పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, మీ ఊళ్లో అభివృద్ధి ఏమన్నా జరిగిందా పెద్దాయనా అని మెల్లగా అడిగింది.

రాజరత్నం భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. “ఏదో, నా చేతనైంది నేను చేసినా తల్లీ,” అన్నాడు.

ఆయన వినయంగా మొదలుపెట్టినాడంటే ఎక్కడిదాకా పోతాడో ఊరందరికీ తెలుసు.

“నేను చేసిందల్లా ఒక్క మేకపిల్లను కొనడం. పల్లెయినా దేశమైనా పైకి రావాలంటే ముందు పొదుపుండాల, ఆ పొదుపు పెట్టుబడి కావాల. అది సిద్ధాంతం. అందుకని మేక ఈనిన పిల్లల్ని తినకుండా, అమ్మకుండా, అట్లే పెట్టుబడి పెట్టినా. ఆరు నెలలకి నలభై అయినాయి. ఏడాదికి నాలుగువేలు.”

ఆ సిద్ధాంతం ఫెబీ ఎకనామిక్సు పుస్తకంలోది. ట్యాంకరు వరుసలో నిలబడి ఆమె పాఠం పైకి చదువుకుంటుంటే, వెనక డ్రమ్ము మీద కూర్చుని రాజరత్నం కళ్లు మూసుకునేవాడు. నిద్రపోతున్నాడనుకునింది.

మాలకొండయ్య పుట్టినప్పటినుంచి గొర్రెల వెంబడి తిరిగినోడు. ఆయన తట్టుకోలేక, ఆరు నెలలకి నలభై ఎట్లయితాయి మామా, అన్నీ ఆడవేనా అన్నాడు.

“అన్నీ ఆడవే. పోతులొద్దని మేకకి ముందే చెప్పినా. ఆ తర్వాత ఏమైందనుకుంటిరి? పైనున్నోనికి పెడితే అది కిందికి కారి అందరికీ అందుతాదని ఇంకో సిద్ధాంతముంది. సరేలే చూద్దామని నాలుగువేల మేకల పాలూ మిట్ట మీది ఇంటాయనకే పోసినా. నెల రోజులు కింద చెంబు పట్టుకుని కూర్చుంటిమి తల్లీ. చుక్క కారితే ఒట్టు. ఆయన బొజ్జ ఒకటి పెరిగింది. ఇది పనికొచ్చే సిద్ధాంతం కాదని ఢిల్లీకి కార్డు రాస్తే, వాళ్లు పుస్తకాల్లోంచి ఆ పేజీ చించేసినారు.”

మేడం నవ్వలేదు. రాసుకుంటా ఉంది. ఫెబీ దగ్గింది, మాలకొండయ్య ఆయన చొక్కా పట్టుకుని లాగినాడు. లాగేకొద్దీ రాజరత్నానికి ఊపు ఎక్కువైంది. ఒక్కొక్కటి చేస్తే లాభం లేదు, అన్నీ ఒకేసారి గట్టిగా తొయ్యాలన్న సిద్ధాంతం పట్టుకుని, ఒక్క శుక్రవారం పొద్దున్నే బడి, ఆసుపత్రి, చెప్పుల ఫ్యాక్టరీ, పలకల ఫ్యాక్టరీ కలిపి తెరిచినానన్నాడు. మార్కాపురం పలకలోళ్లు పని ఇప్పించమని వచ్చి ఈ బెంచీ మీదే కూర్చున్నారన్నాడు. ఈ బెంచీ మొన్ననే కదా చేయించింది అని సరోజమ్మ అంటే, అంతకు ముందుది పలకలోళ్లు ఎక్కువై విరిగిందన్నాడు.

మేడం కాగితం తిప్పింది. కట్టని ట్యాంకులోంచి ఒక్కో ఇటుక ఊడిపోతున్నట్టు అనిపించింది ఫెబీకి. అయినా ఏం చేస్తాది, వింటుంటే ఆ పల్లె కళ్లకి కడతా ఉంది. దీపాలు, లైబ్రరీ, పుస్తకాలు గుండెకి హత్తుకుని నడిచే ఆడపిల్లలు. వాళ్లలో ఒకతె తానే అయినట్టు చూసుకుని కాసేపు దగ్గడం కూడా మర్చిపోయింది.

“విమానం నేల మీద ఉరికి ఉరికి ఒకచోట లేస్తాది చూడు, సంపద కూడా అట్లే లేస్తాదంట. లేచింది తల్లీ. పల్లెకి పల్లే లేచింది. గడపల కింద జానెడు సందు. మధ్యాహ్నం మేకలు దాంట్లో దూరి పడుకునేవి. కొమరోలు నుంచి చూసినోళ్లు మబ్బు పట్టిందని విత్తనాలు చల్లుకున్నారు. ఆ పైన ఢిల్లీవోళ్లు వచ్చి, మీ ఒక్క పల్లె వల్ల మన దేశాన్ని ధనిక దేశాల్లో కలిపేస్తున్నారు, బయటినుంచి వచ్చే సాయం ఆగిపోతాది, కాస్త తగ్గు రాజరత్నమా అని గడ్డం పట్టుకున్నారు.”

“మరి నీళ్లు?” అనింది మేడం.

ఇప్పుడన్నా నిజం చెప్పు పెదనాయనా అని ఫెబీ మనసులోనే చేతులు జోడించింది.

“నీళ్లకేం తల్లీ. పోయిన ఎండాకాలం ఒంగోలు దిక్కునుంచి సముద్రమే మనిషిని పంపింది, కొంచెం చేబదులుగా ఇయ్యమని. ఎన్ని కావాలంటే అన్ని పట్టుకపొమ్మని, నేనే దగ్గరుండి...”

మేడం పెన్ను నీళ్ల గడి మీదికి దిగతా ఉంది.

ఫెబీ లేచి నిలబడి, రోడ్డు మలుపు దిక్కు చూసి, “ట్యాంకరొచ్చింది,” అనింది.

గట్టిగా కూడా అనలేదు. సరోజమ్మ పొయ్యి మీద టీ వదిలేసింది. మాలకొండయ్య చేతికర్ర పారేసినాడు. అందరికన్నా ముందు సముద్రానికి చేబదులిచ్చిన రాజరత్నం, పంచె ఎగగట్టి, తువ్వాలు జారిపోయినా చూసుకోకుండా మలుపు దాటి ఉరికినాడు. మేడం పుస్తకం చేతిలో పట్టుకుని వెనకాలే వచ్చి చూసింది. రోడ్డు పక్కన పేర్లు రాసిన డ్రమ్ములు బారుగా ఉన్నాయి. మొదటి డ్రమ్మును రెండు చేతులా కావలించుకుని రాజరత్నం రొప్పుతున్నాడు. రోడ్డు మీద ట్యాంకరు లేదు.

ఏది అన్నట్టు మేడం ఫెబీ వైపు చూసింది.

“రాలేదు మేడం. మొన్నటినుంచి రాలేదు.”

మేడం రాసిన రెండు కాగితాలూ నిలువునా కొట్టేసింది. రాజరత్నం దగ్గరికి పోయి, మీ ఇంటికి నీళ్లెన్ని వస్తాయి పెద్దాయనా అని అడిగింది.

ఆయన డ్రమ్ము మీదినుంచి చేతులు తీయలేదు. “నాలుగు బిందెలమ్మా,” అన్నాడు నేల చూపులు చూస్తా. “మూడు రోజులకి.”

మాలకొండయ్య ఆయన చెవి దగ్గరకు వంగి, రెండని చెప్పు మామా, ట్యాంకు మనకే వస్తాది అన్నాడు.

రాజరత్నం తలెత్తి ఆయన వైపు కోపంగా చూసినాడు. “నాలుగంటే నాలుగే. అబద్ధం ఎందుకు చెప్పాల?”

మేడం ఆ నాలుగూ రాసుకునింది.