ఈగ వీపు మీది నాలుగో చార

1970 ఆగస్టు పన్నెండవ తేదీన భద్రాచలంలోని మా దసలిపట్టు ఉపకేంద్రంలో శ్రీ సారంగపాణి గారు క్షేత్ర సహాయకులుగా విధుల్లో చేరారు. అంచెలంచెలుగా పర్యవేక్షకుల స్థాయికి ఎదిగి, నేడు పదవీ విరమణ చేస్తున్న వారిని గురించి నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. ఇన్నాళ్లూ ఎవరైనా పొగడబోతే వారు గొడుగు తీసుకొని లేచి వెళ్లిపోయేవారు. ఈ రోజు మాత్రం పూలదండ పడ్డాక కదలడానికి వీల్లేదు.

తొలి దశాబ్దమంతా దసలి పురుగులను పెంచే మద్దిచెట్ల నడుమ పట్టురైతులతోనే గడిపిన వారికి, ఎనభైల ఆరంభంలో ఈగలను ఫోటోలలో గుర్తించే బాధ్యత అప్పగించారు. పట్టుపురుగు ఒంటిపై గుడ్డు పెట్టి, దాన్ని లోలోపలే తినివేసే ఉజీ ఈగకు వీపున నాలుగు నల్లచారలుంటాయి. చచ్చిన పురుగుపై వాలే మాంసపు ఈగకు మూడే. తక్కిన రూపంలో రెండూ అక్కాచెల్లెళ్లే. పాప పుట్టినరోజు రీలు కడిగిస్తే సగం ఈగలే వచ్చాయని వారి సతీమణి అనంతమ్మ గారు నేటికీ దెప్పుతుంటారు.

1984 వానాకాలంలో బూర్గంపాడు వైపు గూడెం నుండి ఒక నలుపు తెలుపు ఫోటో వచ్చింది. జంపక్క అనే రైతు చెట్లపై పురుగులు చస్తున్నాయి, ఈగలు వాలుతున్నాయి. సారంగపాణి గారు భూతద్దంతో చూసి 'ఉజీ' అని రాశారు. ఉజీ సోకిన పంటను పక్క చెట్లకు పాకకుండా తగులబెట్టించడం మా కేంద్రంలో నాటి పద్ధతి. ఆమెకు ఆ ఏటి జీవనాధారం ఆ పంటే.

సాయంత్రం అదే ఫోటోను మళ్లీ చూసిన వారికి నాలుగో చార ఈగ రెక్కపైకి కూడా సాగినట్లు కనిపించింది. అది చార కాదు, ఆకు కాడ నీడ. మర్నాడు తొలి బస్సుకే గోదావరి దాటి వెళ్లారు. వెంట నేనూ ఉన్నాను. కిరోసిన్ డబ్బా అప్పటికే చెట్ల కిందికి చేరింది. వారు దాన్ని పక్కకు పెట్టించి, ఈగను పట్టి చూసి, జంపక్కకు చేతులు జోడించారు.

"తప్పు నాదేనమ్మా. వానల నడుమ కాసిన గట్టి ఎండకు కొన్ని పురుగులు చచ్చినయి. ఈ ఈగ చచ్చినవాటి మీద వాలే రకమే."

జంపక్క చెట్టు కింద చాప పరిచింది. "నువ్వు రాకుంటే నీ తప్పని నాకు తెల్వకనే పోయేది గదా సారూ. తప్పని చెప్పనీకె గింత దూరం ఎవరొస్తరు? కూసో, జావ తాగిపో."

ఆ పంట చేతికొచ్చింది. అప్పటినుండి వారు ఏ ఫోటోపై అభిప్రాయం రాసినా చివర 'కనిపించినంత వరకు' అని చేర్చేవారు. మేము వెనకాల ఆ పేరుతోనే పిలుచుకునేవాళ్లం. వారికి తెలిసినా కోప్పడలేదు.

మా కేంద్రం తెస్తున్న ఈ వీడ్కోలు సంచికలో వారి ఫోటో కింద 'సత్పురుషులు' అని అచ్చువేశాం. 'కనిపించినంత వరకు' అని చేర్చమని వారు తప్పక అడుగుతారు. ఎండలోనూ నీడలోనూ ఇరవై ఎనిమిదేళ్లు దగ్గరగా చూసినవాళ్లం, ఆ ఒక్కమాట చేర్చలేము. అనంతమ్మ గారితో, పిల్లాపాపలతో వారు నిండు ఆరోగ్యంతో నూరేళ్లు చల్లగా ఉండాలి. ఇకనైనా పుట్టినరోజుల రీళ్లలో మనుషులే రావాలి.