నిన్నటి కూరల బుధవారం

అధ్యక్షులు కృష్ణమూర్తిగారికి, పెద్దలకు, మా బుధవారం ఆడవాళ్ళందరికీ, మా వీడ్కోలు కోసం శనివారం పూట కూడా స్కూలు కెఫెటీరియాలో కూర్చోవలసి వచ్చినందుకు మొహాలు ముడుచుకున్న పిల్లలకు నమస్కారం.

స్నేహం చేయడం నాకు పుట్టుకతో వచ్చిందని కృష్ణమూర్తిగారు ఇప్పుడే అన్నారు. క్షమించాలి, అది నిజం కాదు. కారు నడపడంలాగే దీన్ని కూడా దేశం దాటి వచ్చాక ఈ ట్రాయ్ ఊళ్ళోనే, అక్కడా ఇక్కడా గుద్దుకుంటూ నేర్చుకున్నాను. (నవ్వులు)

డెబ్భై ఎనిమిదిలో మేము వచ్చిన వారానికే ఉష సకినాల డబ్బా పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. వాళ్ళాయన జగన్మోహన్‌గారు, మావారు ఒకే ఆఫీసులో, ఒకే సెక్షన్‌లో ఇంజినీర్లు. ఇచ్చినవాళ్ళ గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని మా అమ్మ నేర్పింది. ఇంటి ఖర్చు పైసాతో సహా రాసుకునే నాకు, పుచ్చుకున్నదానికన్నా ఒక మెట్టు పైనే ఇవ్వాలని కూడా ఉండేది. కాజాలు నింపి పంపాను. బదులుగా పాలకోవా వచ్చింది. అరిసెలు పంపాను. అలా రెండేళ్ళు ఆ స్టీలు డబ్బా తిరిగింది, మగవాళ్ళిద్దరూ బలిశారు (నవ్వులు), మేమిద్దరం మాత్రం ఒక్కసారి కూడా గుమ్మం దాటి లోపల కూర్చోలేదు. ఎవరి పిల్లకు ఎన్ని మార్కులు, ఎవరాయనకు ప్రమోషన్ వస్తోంది అని గుమ్మంలోనే నవ్వుతూ ఆరా తీసుకునేవాళ్ళం.

ఎనభైలో ఆఫీసులో మనుషుల్ని తీసేశారు. ఆ సెక్షన్‌లో ఒక్కరినే ఉంచారు, జగన్మోహన్‌గారిని. మావారు బల్ల మీది సామాను పెట్టెలో సర్దుకుని ఇంటికొచ్చారు.

నాకు మాట్లాడడానికి ఒక మనిషి కావాలి. ఉష ఇల్లు రెండు వీధుల అవతలే. కానీ ఆమె డబ్బా నా దగ్గరుంది, అందులో పెట్టడానికి ఏదైనా చేసే ఓపిక లేదు, ఖాళీ డబ్బాతో ఆ గుమ్మం ఎలా ఎక్కను? చివరికి ఆమే వచ్చింది.

“డబ్బా ఇయ్యక్కా.”

“ఇంకా ఏమీ చెయ్యలేదమ్మా.”

“నేనేమన్న అడిగిన్నా? ఖాళీదే ఇయ్యి.”

ఇచ్చాను. తీసుకుని వెళ్ళిపోలేదు. వంటింట్లోకి వచ్చి నేల మీద చతికిలబడింది. “నీ కాజాలు జూస్తే నాకు జరమొచ్చేదక్కా. కోవా మాడవెట్టి మాడవెట్టి, ఆఖరికి మంచిగొచ్చింది నీకు తెచ్చిన. మా ఆయన నౌకరి పోతదేమోనని నేను గూడ నిద్రపోలే. ఆకలైతుంది, ఇంట్ల ఏమున్నది?”

“నిన్నటి వంకాయ కూర.”

“అదే పెట్టు.”

(కళ్ళజోడు తీసి తుడుచుకుని)

ఏమీ అనుకోకండి. ఆ పూట తిన్నంత తృప్తిగా మళ్ళీ ఎక్కడా తినలేదు. మావారికి ఉద్యోగం దొరికేదాకా మా పిల్లల్ని స్కూల్లో దింపింది ఉషే. ఇంటర్వ్యూలకు వెళ్తుంటే తన మంచి టై తెచ్చి మావారి మెడలో కట్టింది జగన్మోహన్‌గారే.

వారం వారం అందరం కలిసి కూర్చుని తినే మన బుధవారం పుట్టింది ఆ వంటింటి నేల మీదే. దానికి ఒక్కటే నిబంధన: ఆ రోజు వండింది తేకూడదు, నిన్నటిదే తేవాలి. జయంతిగారూ, మొదటిసారి మీరు వేడివేడి గులాబ్‌జాములు తెస్తే, “మంచిగున్నయమ్మా, ఫ్రిజ్‌ల పెట్టు, పాతవడ్డంక తిందాం” అంది ఉష. (నవ్వులు) మీరు అలిగి వెళ్ళబోయారు. ఇవాళ అందరి గిన్నెలూ వాసన చూసి మరీ లోపలికి రానిచ్చేది మీరే! ఎండిన చపాతీ ముందు పెట్టుకుని ఎవరూ గొప్పలు చెప్పుకోలేరు. ఎనభై రెండులో మళ్ళీ ఉద్యోగాలు పోయినప్పుడు, ఎక్కడ ఖాళీ ఉందో మగవాళ్ళు ఒకరికొకరు చెప్పుకోకుండా దాచుకున్న కబుర్లన్నీ మన బల్ల మీదికి వచ్చేశాయి. రాజ్‌గారూ, మీ ఉద్యోగం మా పప్పుచారు దగ్గరే దొరికింది, ఒప్పుకోండి. “ఒప్పుకున్నానండీ!” అంటున్నారు, వినపడిందా? (చప్పట్లు)

వచ్చే వారం ఈ ఊరు వదిలి సన్నీవేల్ అనే ఊరికి వెళ్ళిపోతున్నాం. అక్కడ పోటీ ఇంకా ఎక్కువట, ఎవరి తలుపులు వాళ్ళు వేసుకుంటారట. వేసుకోనివ్వండి. దిగిన మర్నాడే చేతులు ఊపుకుంటూ వెళ్ళి పక్కింటి తలుపు కొట్టి, కాఫీ పెట్టమని అడుగుతాను. నాకిప్పుడు అడగడం వచ్చు.

ఇన్నేళ్ళు నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు, ఒక్క ఉషకు తప్ప. ఆమెకు చెబితే బాకీ తీరిపోయినట్టవుతుంది, ఆ బాకీ నాకు అలాగే ఉండాలి. ఇక సెలవిప్పించండి.