వినీల అడిగింది

మూడేళ్ల వినీలను ఎత్తుకుని రెడ్డిగూడెంలో నూజివీడు బస్సు కోసం నిలబడ్డ కోడలి దగ్గరికి, మామిడితోట నుంచి మామగారు వచ్చారు.

"కోత పెట్టుకుని ఇలా వచ్చారేంటి మావయ్యా?"

"పాపని మళ్ళీ ఆసుపత్రికా?"

"అవునండీ, థెరపీకి. గవర్నమెంటుదే."

"మీ ఆయన కూడా లేటుగానే మాట్లాడాడమ్మా. దీనికి ఆటిజం అని పేరు పెట్టి ఊరంతా చాటడం ఎందుకు?"

"ఆయన్ని పిలిస్తే చాలు పరిగెత్తుకొచ్చేవారని అత్తయ్యే చెప్పారు. ఇది పిలిచినా తిరిగి చూడదు కదండీ."

"మందులిస్తున్నారా?"

"లేదండీ, ఆడిస్తూ నేర్పుతారు. ఏం కావాలో దాని బొమ్మ ఉన్న కార్డు చూపించి అడగడం నేర్పుతున్నారు. చిన్నప్పుడే మొదలుపెడితే మంచిదట."

"నేర్చుకుందా?"

"నిన్న నీళ్ళ గ్లాసు బొమ్మ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇన్నాళ్ళూ దాహమేసినా ఏడుపే. మనకే తెలిసేది కాదు."

"తోటలో ఏడ్చినప్పుడల్లా నేను బిస్కెట్లు పెట్టేవాణ్ణి."

"మీకెలా తెలుస్తుందండీ? నేనూ అంతే."

"ఆ బొమ్మల సంగతి నాకూ నేర్పుతారా?"

"ఇంట్లో అందర్నీ రమ్మన్నారు. మరి కోతో?"

"మేస్త్రీ చూసుకుంటాడు. బస్సొచ్చింది, పాపని ఇటివ్వు. నువ్వు ముందెక్కు."